నాలుగు వందల ఒకటో నంబరు

జూన్ 2, సోమవారం

ఇవాళ కొత్త విద్య పట్టుబడింది. ఎవరికైనా చెప్పుకోకపోతే కడుపు ఉబ్బి చచ్చేలా ఉన్నాను. అక్క వినదు. బావ వింటాడు గానీ మధ్యలో వెక్కిరిస్తాడు. అందుకని ఇక్కడే రాసుకుంటున్నాను.

నాటకానికి కావలసిన స్టేజీ, మెట్లు, తెరలు, లైట్లు అన్నీ కంప్యూటర్లో బొమ్మగా కట్టేశాను కదా. లైటింగ్ కన్సోల్‌ని దానికి తగిలిస్తే, రేపు హాల్లో లైట్లు ఎలా వెలుగుతాయో తెర మీద అచ్చం అలాగే వెలుగుతాయి. ఇంతవరకూ పాత సంగతే. కొత్త సంగతేమిటంటే, ఆ బొమ్మ స్టేజీని మనకి చూపించే కెమెరా ఉందే, అది కూడా ఒక లైటేనని కన్సోల్‌ని నమ్మించవచ్చు! లైటుకి నంబరు ఇచ్చినట్టే కెమెరాకీ నంబర్లు ఇచ్చాను, 401 నుంచి 406 దాకా. ఖాళీగానే ఉంటాయిలే అని. 401 అంటే ఎత్తు. లైటుకి వంద పంపితే పూర్తిగా వెలుగుతుంది, సున్నా పంపితే ఆరిపోతుంది. కెమెరాకి వంద పంపితే కప్పు దాకా లేస్తుంది, సున్నా పంపితే నేల మీద నిలబడ్డ మనిషి కళ్ళ ఎత్తుకి దిగుతుంది.

నాటకంలో లైట్లు మారే ఒక్కో చోటునీ ఒక క్యూగా నంబరు వేసి దాచుకుంటాం కదా, ఇక గో బటను నొక్కడమే. ఆ క్యూలో దాచుకున్న లైట్లన్నీ మారతాయి, వాటితో పాటు కెమెరా కూడా సాగుతుంది. పాఠం చెప్పినాయన వీడియోలో ఒకటికి రెండుసార్లు హెచ్చరించాడు, కెమెరాకి వేరే లిస్టు, వేరే బటను పెట్టుకోండి, లైట్ల క్యూలతో కలపకండి అని. రెండు బటన్లు ఎవరు నొక్కుతారు? ఒకే వేలితో రెండూ కదిలితే ఆ ఠీవి వేరు.

భోజనాల బల్ల మీద కన్సోల్ పెట్టుకున్నందుకు అక్క నేల మీద వడ్డించింది. "నీ హార్మోనియం ఎప్పుడు తీస్తావే జీరో బల్బూ, నడుం పట్టేస్తోంది" అన్నాడు బావ. నాకు తొమ్మిదేళ్ళప్పుడు పెట్టిన పేరు అది. అక్కని పెళ్ళి చేసుకున్న కొత్తలో నన్ను భుజాల మీద ఎక్కించుకుని తను పనిచేసే హాలుకి తీసుకెళ్ళి, స్టేజీ లైట్లన్నీ ఒక్కసారి వెలిగించి చూపించాడు. నేను జడుసుకుని ఏడ్చి, ఇంట్లో ఉన్న జీరో బల్బే కావాలన్నానట. ఇరవై ఏళ్ళైంది. ఆయన ఆ హాలుకి ఇప్పుడు పెద్ద ఎలక్ట్రీషియన్, నేను కన్సోల్ ఆపరేటర్ని, పేరు మాత్రం అలాగే ఉండిపోయింది.

జూన్ 5, గురువారం

డైరెక్టర్ గారు ఇంటికే వచ్చారు చూడటానికి! నలభై ఏడో క్యూ మూడుసార్లు వేయించుకున్నారు. నాటకంలో అది ప్రాణం లాంటి చోటు, రాణి సింహాసనం వదిలేసి ఏడు మెట్లు దిగి జనంలోకి వస్తుంది. కెమెరా రాణి కళ్ళలో కూర్చున్నట్టు పెట్టాను. పై మెట్టు మీద ఎత్తు యాభై, కింద సున్నా. ఏడు సెకన్లలో ఏడు మెట్లు. "అమ్మాయ్, నువ్వు లైట్లు కాదు, సినిమా తీశావు" అన్నారు. నాటకం ఆడించేవాళ్ళకి పంపడానికి వీడియో తీయించుకుని వెళ్ళారు.

బావ పక్కన నిలబడి విన్నాడు. మొహం వెలిగిపోయింది గానీ పైకి మాత్రం, "ఎగరకు, ఫ్యూజు పోతుంది" అన్నాడు. హాల్లో ఏ నంబరుకి ఏ లైటు ఉందో తన చేత్తో రాసిన కాగితం ఇచ్చాడు. టీ గ్లాసు పెట్టుకోవడానికి సరిపోయింది.

జూన్ 9, సోమవారం

డైరెక్టర్ గారు ఆ వీడియో మరో పదిమందికి పంపారట. ఇద్దరు ఫోన్ చేశారు నాకు. అబ్బో.

జూన్ 17, మంగళవారం

హాల్లో మొదటి రిహార్సల్. కన్సోల్ పక్కనే కంప్యూటర్ కూడా పెట్టుకోమన్నారు డైరెక్టర్ గారు, ఎవరైనా పెద్దవాళ్ళు వస్తే కెమెరా చూపించడానికి. సరే అన్నాను. నిజం చెప్పాలంటే ఆయన అడక్కపోయినా పెట్టేదాన్ని.

రాణి వేషం వేసే పెద్దావిడ వచ్చి నా భుజం తట్టింది. అందరూ ఆవిణ్ణి రాణమ్మ అనే అంటారు, వేషం ఉన్నా లేకపోయినా. అరవై నాలుగేళ్ళు. కిరీటం ఒక్కటే రెండు కిలోలు. మెట్లు దిగేటప్పుడు ఎదురు లైటు నేరుగా కళ్ళలో కొడుతుంది కాబట్టి ఆవిడకి కనిపించేది మెట్ల అంచు కింద అంటించిన చిన్న లైట్లే. వాటిని బావ గోడ మీద ఉన్న స్విచ్చుతో ఎప్పుడూ వెలిగేలా పెట్టి ఉంచుతాడు. స్విచ్చుకి రెండు వైపులు, 'గోడ', 'కన్సోల్'. ఎప్పుడూ గోడ వైపే.

జూన్ 21, శనివారం

రేపు మధ్యాహ్నం ప్రదర్శన.

ఇవాళ డైరెక్టర్ గారు అరిచేశారు. పన్నెండో క్యూలో కటిక చీకటి కావాలట, ఈ మెట్ల లైట్లు చీమల బారులా మిణుకుమంటున్నాయట. నేను బావ దగ్గరికి వెళ్ళాను.

"మెట్ల లైట్లు కూడా నాకు వదిలెయ్ బావా. పన్నెండులో ఆర్పి, పదమూడులో వెలిగిస్తా."

"అవి వేషాలకి కాదే, కాళ్ళకి."

"నామీద నమ్మకం లేదా?"

"నీమీద ఉంది. నీ హార్మోనియం మీదే లేదు." అయినా స్విచ్చు కన్సోల్ వైపు తిప్పాడు. తిప్పి, హాలు పుస్తకంలో టైము వేసి సంతకం పెట్టాడు, ఆయన పద్ధతి అది. "నంబరు కాగితంలో ఉంది, చూసుకో" అన్నాడు.

చూశాలే అన్నాను. 301 అని గుర్తు. కన్సోల్లో వేసేసరికి మెట్లన్నీ వెలుగుతూనే ఉన్నాయి. "వచ్చాయి బావా!" అని కేకేశాను. ఆయన అటు నుంచి బొటనవేలు చూపించాడు.

జూన్ 22, ఆదివారం

రాణమ్మ పడిపోయింది.

జూన్ 23, సోమవారం

తుంటి ఎముక విరిగిందట. ఆపరేషన్ చేశారు.

వరసగా రాస్తాను, లేకపోతే నా బుర్ర నా మాట వినేట్టు లేదు.

పన్నెండో క్యూలో మెట్ల లైట్లు ఆరలేదు. 301కి సున్నా పంపాను, అయినా ఆరలేదు. హెడ్‌సెట్‌లో డైరెక్టర్ గారు "ఆర్పవే తల్లీ" అని బుసకొట్టారు. ఏదో తేడా ఉందని అప్పుడే తెలిసింది నాకు. తెలిసి కూడా తర్వాతి క్యూ వచ్చేస్తోందని గో నొక్కాను. తర్వాత చూసుకోవచ్చులే అనుకున్నాను.

నలభై ఏడు. రాణమ్మ పై మెట్టు మీద నిలబడింది. గో నొక్కాను. నా కళ్ళు స్టేజీ మీద లేవు, కంప్యూటర్ మీద ఉన్నాయి, కెమెరా ఎంత అందంగా దిగుతోందో చూసుకుంటున్నాను. హాలంతా ఒక్కసారిగా 'అయ్యో' అన్నాకే తల ఎత్తాను. మెట్లు లేవక్కడ. చీకటి. కిరీటం మాత్రం దొర్లుకుంటూ ఎదురు లైటులోకి వచ్చి ఆగింది.

ఇవాళ పొద్దున్నే, ఇంకా ఎవరూ రాకముందే హాలుకి వెళ్ళి బావ ఇచ్చిన కాగితం తీసి చూశాను. టీ గ్లాసు మరక సరిగ్గా ఆ ఒక్క లైను చుట్టూ ఉంది. "401 – మెట్ల లైట్లు. ముట్టుకోవద్దు." కింద రెండు గీతలు.

కెమెరా ఎత్తు 401. యాభై మీద ఉన్నంతసేపూ మెట్లు సగం వెలుగుతో వెలిగాయి, శనివారం అది నా గొప్పే అనుకున్నాను. కెమెరా సున్నాకి దిగింది, ఏడు సెకన్లలో మెట్లు ఆరిపోయాయి. నేనే ఆర్పాను. ఆవిడ ఒక్కో మెట్టూ దిగుతుంటే ఇంకాస్త ఇంకాస్త ఆర్పేశాను.

కన్సోల్లోంచి కెమెరా నంబర్లు తీసేశాను. 301ని 401గా మార్చాను. ఎలాగూ సరిచెయ్యాలి కదా, తర్వాతి ప్రదర్శనకి ఎవరికీ దెబ్బ తగలకూడదు కదా. తప్పు సరిదిద్దడం దాచడం ఎలా అవుతుంది? పాత ఫైలు పెన్‌డ్రైవ్‌లో ఉంది. దాన్ని చెరపలేదు. చెరపలేదంటే నేను దాచట్లేదనే కదా.

జూన్ 24, మంగళవారం

హాలు మేనేజర్ గారు ఆ పుస్తకం తెరిచారు. శనివారం అయిదున్నరకి స్విచ్చు తిప్పింది ఎవరో అందులో సంతకంతో సహా ఉంది. ఎందుకు తిప్పావని అడిగారు. "నాటకానికి కావాలంటే తిప్పాను" అన్నాడు బావ. ఎవరు కావాలన్నారో చెప్పలేదు. నేను తలుపు పక్కనే ఉన్నాను. నా వైపు చూడను కూడా చూడలేదు. నన్ను కాపాడుతున్నాననే ఆలోచన కూడా లేదు ఆయనకి, స్విచ్చు మీద చెయ్యి తనది కాబట్టి జవాబు తనదే అనుకున్నాడు.

తర్వాత ఏడు మెట్లూ విప్పి నేల మీద పరిచాడు. ఒక్కో వైరూ వేళ్ళ మధ్య పట్టుకుని నడిపించి చూశాడు. నేను టార్చి పట్టుకున్నాను. మూడు గంటలు.

"ఎక్కడో లూజు కనెక్షన్ ఉండాలే. లేకపోతే ఎలా ఆరతాయి?"

"ఉంటుంది బావా" అన్నాను.

ఉంటుంది బావా అన్నాను!

జూన్ 25, బుధవారం

నన్నెవరూ అడగలేదు. అడిగితే చెప్పేదాన్నే.

జూన్ 27, శుక్రవారం

ఆసుపత్రికి వెళ్ళాను. వెళ్ళకపోతే అనుమానం వస్తుందని వెళ్ళాను, ప్రేమతో కాదు. రాసుకుంటే అయినా నిజం రాసుకోవాలి కదా.

రాణమ్మ తల కిరీటం లేకుండా చాలా చిన్నగా ఉంది. కూతురు బత్తాయి రసం తాగిస్తోంది.

"చీకటైతే అయింది గానీ" అందావిడ, "నాలుగో మెట్టు మీద ఆగిపోవాల్సింది నేను. ఆగితే నాటకం ఆగుతుందని కాలు వేశా. నా బుద్ధి గడ్డి తిని."

"మీ తప్పేముందమ్మా."

"మీ బావ వచ్చాడు నిన్న. ఇదిగో, ఈ మంచం కాళ్ళ దగ్గర నిలబడ్డాడు. కూర్చోవయ్యా అంటే కూర్చోడు. ఇన్నేళ్ళు ఆయన లైట్లు చూసుకుని దిగాను, ఒక్కనాడూ తడుముకునే పని పడలేదు. నా చెయ్యి జారిందేమో అమ్మా అని కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. వయసు మీద పడుతోంది కదా, ఏం చేస్తాం. నాకు కాలు జారింది, ఆయనకి చెయ్యి."

కూతురు మాత్రం ఎవరినీ క్షమించేట్టు లేదు. మళ్ళీ స్టేజీ ఎక్కడం కుదరదని డాక్టరు చెప్పాడట. ఆ మాట తల్లికి ఇంకా చెప్పలేదని వరండాలో నాతో అంది. నన్ను నమ్మి చెప్పింది.

బస్సులో సీటు ఖాళీగా ఉన్నా నిలబడే వచ్చాను. దానివల్ల ఎవరికి లాభమో.

జూన్ 29, ఆదివారం

బావ ఇవాళ గ్యాస్ స్టవ్ కట్టేశాక అక్కని పిలిచాడు, "ఓసారి చూడు, సరిగ్గా కట్టానా" అని. కట్టే ఉంది. బయటికి వెళ్తూ తాళం వేసి, వీధి మలుపు దాకా వెళ్ళి, మళ్ళీ వచ్చి లాగి చూశాడు. ఫ్యాన్ రెగ్యులేటర్ బాగుచేసి పెట్టమని పక్కింటావిడ తెచ్చిస్తే, "వేరే ఎవరికైనా చూపించండమ్మా" అన్నాడు.

ఈ ఇంట్లో ఇస్త్రీపెట్టె దగ్గర్నుంచి నా బొమ్మ రైలు దాకా ఏది చెడినా ఆయన చెయ్యి పడితే బాగయ్యేది. ఇప్పుడు ఆ చేతిని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటున్నాడు, అది ఎవరిదో అయినట్టు.

జీరో బల్బూ అని పిలిచి వారమైంది. నేను తేలు కుట్టిన దొంగలా తిరుగుతున్నాను.

జూన్ 30, సోమవారం

డైరెక్టర్ గారు ఫోన్ చేశారు. "నీ పనికి మచ్చ రానివ్వను అమ్మాయ్, మన వీడియో చూస్తే ఎవరికైనా తెలుస్తుంది, మనవైపు అంతా సరిగ్గానే ఉంది" అన్నారు. థాంక్యూ సర్ అన్నాను. నోట్లోంచి అదే వచ్చింది.

జూలై 1, మంగళవారం

ఇది రాయకుండా ఉండాలని పొద్దుటి నుంచీ చూస్తున్నాను.

శుక్రవారం విచారణ. ఈలోపు బావని సంజాయిషీ రాసి ఇమ్మన్నారు. ఆయన తెల్లకాగితం, పెన్ను పట్టుకుని నా గదిలోకి వచ్చాడు.

"నీ అక్షరాలు ముత్యాల్లా ఉంటాయి. నేను చెప్తా, నువ్వు రాయి."

"ఏం రాయాలి బావా?"

"రాసుకో. అయిదున్నరకి స్విచ్చు తిప్పేటప్పుడు నా వల్ల పొరపాటు జరిగి ఉండొచ్చు. ఏం జరిగిందో నాకు తెలియడం లేదు. వైర్లన్నీ చూశాను, లోపం కనబడలేదు. లోపం వైర్లలో లేదంటే నాలో ఉన్నట్టే. కాబట్టి…" అక్కడ ఆగాడు. "కాబట్టి తర్వాత ఏం రాస్తారే?"

"ఎందుకు బావా అలా రాయడం? లూజు కనెక్షన్ అని రాద్దాం."

"లేనిది ఉందని ఎలా రాస్తాను? అబద్ధం కదా అది." కాగితం నా వైపు ఇంకాస్త జరిపాడు. "కాబట్టి నన్ను ఈ పనిలోంచి తప్పించినా నాకు అభ్యంతరం లేదు అని రాయి. ఇంకోసారి ఇంకెవరైనా పడితే నేను తట్టుకోలేను."

రాశాను. ఒక్క కొట్టివేత లేకుండా, గుండ్రంగా, ముత్యాల్లా రాశాను. 'పొరపాటు' అన్న మాట దగ్గర పెన్ను ఆగలేదు. చదివి వినిపించమంటే వినిపించాను కూడా. గొంతు కూడా వణకలేదు. ఆయన సంతకం పెట్టి, "బాగా రాశావు" అన్నాడు.

సిగ్గుగా ఉంది. ఇన్ని రోజులూ ఈ మాట రాయకుండా లూజు కనెక్షన్లూ, సరిదిద్దడాలూ రాశాను. సిగ్గుగా ఉంది. నా చెయ్యి నరుక్కోవాలని ఉంది అని రాస్తే అది కూడా నాటకమే అవుతుంది, ఎందుకంటే రేపు పొద్దున్న అదే చేత్తో ఆయనకి టీ ఇస్తాను.

జూలై 2, బుధవారం

ఇచ్చాను.

జూలై 3, గురువారం

పెన్‌డ్రైవ్ చెరిపేద్దామని తీశాను. ఫైలు తెరుచుకుంది. బొమ్మ స్టేజీలో మెట్ల లైట్లకి అసలు నంబరే ఇవ్వలేదు నేను. ఎప్పుడూ వెలుగుతున్నట్టు గీసి వదిలేశాను. అందుకే డైరెక్టర్ గారి వీడియోలో నలభై ఏడు అంత బాగుంది. మెట్ల లైట్లకి 401 ఇచ్చి గో నొక్కాను, హాల్లో ఉన్నట్టే.

ఒక్కసారి చూశాను. రెండోసారి చూడలేకపోయాను.

జూలై 4, శుక్రవారం

మేనేజర్ గారి గది. గోడకి పెద్ద టీవీ. మేనేజర్ గారు, డైరెక్టర్ గారు, రాణమ్మ కూతురు, బావ. బావ ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు, కుర్చీ అంచున కూర్చున్నాడు. సంజాయిషీ మేనేజర్ గారి చేతిలో ఉంది. "చక్కగా రాశారండి" అని మెచ్చుకుని మరీ చదవడం మొదలుపెట్టారాయన.

'లోపం నాలో ఉన్నట్టే' దగ్గరికి వచ్చేసరికి లేచి నిలబడ్డాను. "ఆపండి సర్. ఆ ఉత్తరం రాసింది నేను."

"తెలుసమ్మా, మీ బావ చెప్పారు, మీ దస్తూరీ అని."

"దస్తూరీయే కాదు సర్, తప్పు కూడా నాదే."

డైరెక్టర్ గారు, "అమ్మాయ్, బావ మీద అభిమానంతో…" అని ఏదో అనబోయారు. నేను ఆయన వైపు చూడలేదు. చూస్తే ధైర్యం పోతుంది. కంప్యూటర్ని టీవీకి తగిలించి, "మీరు మెచ్చుకున్న నలభై ఏడో క్యూనే సర్ ఇది. మెట్ల లైట్లకి వాటి అసలు నంబరు ఇచ్చాను, అంతకు మించి ఏమీ మార్చలేదు" అని గో నొక్కాను.

కెమెరా పై మెట్టు మీద రాణమ్మ కళ్ళ ఎత్తున నిలబడి ఉంది. కింద ఏడు వెలుగు గీతలు. కదిలింది. ఒక మెట్టు దిగింది, గీతలు కాస్త మసకబారాయి. రెండు. మూడు. కెమెరా దిగే కొద్దీ వెలుగు దిగిపోతోంది. నాలుగో మెట్టు దగ్గర ఎదురు లైటు ఒక్కటే తెల్లగా, దాని ముందు కింద ఏమీ కనబడలేదు. అయినా కెమెరా ఆగలేదు, దానికి కాళ్ళు లేవు కదా, చీకట్లోకి అలా అందంగా దిగిపోయింది.

రాణమ్మ కూతురు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

అంతా చెప్పాను. ఒకటే నంబరు రెండింటికి ఇచ్చింది, కాగితం చదవనిది, పన్నెండో క్యూలో తేడా తెలిసి కూడా ఊరుకున్నది, సోమవారం పొద్దున్న ఎవరూ రాకముందే వచ్చి ఆనవాళ్ళు తీసేసింది. స్విచ్చు తిప్పమని బతిమాలింది కూడా నేనేనని చెప్పాను. సరిదిద్దాను అనలేదు, తీసేశాను అన్నాను. కాగితం బల్ల మీద పెట్టాను, టీ మరకతో సహా.

బావ తన కుడిచేతిని బల్ల మీద పెట్టి, వెనక్కీ ముందుకీ తిప్పి చూసుకున్నాడు.

"అయితే నా చెయ్యి జారలేదు" అన్నాడు. నాతో కాదు, ఎవరితోనూ కాదు. మళ్ళీ అన్నాడు, "జారలేదు."

మొహంలో ఒక్క క్షణం వెలుగు వచ్చింది. పన్నెండు రోజుల తర్వాత ఆ మొహంలో వెలుగు చూశాను. అప్పుడు తలెత్తి నా వైపు చూశాడు. వెలుగు పోయింది.

జూలై 5, శనివారం

అక్క ఒక్కటే అడిగింది. "పన్నెండు రోజులు ఆయన పక్కన కూర్చుని అన్నం ఎలా తిన్నావే?"

కొడుతుందనుకున్నాను. కొట్టినా బాగుండేది.

ఆసుపత్రికి వెళ్ళాను. ఈసారి కూతురు లోపలికి రానివ్వలేదు. "అమ్మకి నేను చెప్పాను" అంది, తలుపు సగం తెరిచి. లోపలి నుంచి రాణమ్మ గొంతు, "ఎవరే?" అని. "ఎవరూ లేరమ్మా" అంది కూతురు.

జూలై 8, మంగళవారం

డైరెక్టర్ గారు వేరే ఆపరేటర్ని పెట్టుకున్నారు. న్యాయమే.

పక్కింటావిడ ఫ్యాన్ రెగ్యులేటర్ బావ అడిగి మరీ తెచ్చుకుని బాగుచేశాడు. ఇంటి నుంచి బయటికి వెళ్తూ తాళం ఒక్కసారే వేశాడు. ఇది రాస్తుంటే ఏడుపొచ్చింది, సంతోషంతోనే. దొంగ ఏడుపు కాదు, గట్టిగా చూసుకుని మరీ రాస్తున్నాను.

జూలై 11, శుక్రవారం

ఇంట్లో ఎవరూ నన్నేమీ అనడం లేదు. బావ నాతో మాట్లాడాల్సింది ఏదైనా ఉంటే అక్కకి చెప్తాడు, అక్క నాకు చెప్తుంది. ముగ్గురం ఒకే బల్ల దగ్గర కూర్చుని.

జూలై 14, సోమవారం

హాల్లో పిల్లల పాటల కార్యక్రమం ఉంది, కన్సోల్ దగ్గర ఎవరూ దొరకలేదు. నన్ను కూర్చోనివ్వాలా వద్దా అనేది మేనేజర్ గారు పెద్ద ఎలక్ట్రీషియన్‌కే వదిలేశారట. రమ్మని అక్క చేత కబురు పెట్టాడు బావ. ఎగురుకుంటూ వెళ్ళాను. సిగ్గులేనిదాన్ని.

కన్సోల్ దగ్గర కొత్త కాగితం పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఇకమీదట ఎవరు కూర్చున్నా నంబర్లన్నీ చదివి సంతకం పెట్టాలట. బయటి ఊరి నుంచి వచ్చిన కొత్త ఆపరేటర్‌కి చెప్పినట్టు, ఒక్కో నంబరూ వేలు పెట్టి చదివి వినిపించాడు. ఒకటి నుంచి నలభై, ముందు లైట్లు. నలభై ఒకటి నుంచి ఎనభై, పక్క లైట్లు. గొంతులో కోపం లేదు. కోపం ఉంటే పట్టుకోవడానికి ఏదో ఒకటి దొరికేది.

"నాలుగు వందల ఒకటి, మెట్ల లైట్లు" అన్నాడు. "ఇక్కడ సంతకం పెట్టండి మేడమ్."

మొదట వెటకారమనుకున్నాను. బావ మరదలిని ఆటపట్టించడం మా ఇంట్లో కొత్తేమీ కాదు, నవ్వడానికి సిద్ధపడి తలెత్తాను. ఆయన నవ్వడం లేదు. పెన్ను అందిస్తున్నాడు. చెయ్యి స్థిరంగా ఉంది. ముత్యాల్లాంటి నా అక్షరాలే కోడి కెలికిన గీతలయ్యాయి.

కార్యక్రమం బాగానే జరిగింది. పిల్లలు మెట్లెక్కి దిగినంతసేపూ మెట్ల వైపే చూశాను, కన్సోల్ వైపు చూసింది తక్కువ. ఏడు గీతలూ చివరి దాకా వెలిగాయి.

అయిదింటికి ఇద్దరం ఇంటికి నడిచి వచ్చాం. ఆయన ముందు, నేను నాలుగడుగులు వెనక. ఒక్కసారి వెనక్కి తిరిగి, ఏమే జీరో బల్బూ, నడవలేవా అంటాడేమోనని వీధి పొడుగునా చూశాను. గేటు దగ్గర మాత్రం ఆగాడు. గడియ తీసి, పక్కకి జరిగి, నాకు దారి ఇచ్చాడు.

"రండి" అన్నాడు.